పైకి వచ్చే దారి ఖర్చు

ఫోను కింద కౌంటర్లోనే తీసుకున్నారు. బదులుగా ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చారు, పళని కొండ కింద చెప్పులు వదిలినప్పుడు ఇచ్చే బిళ్ళలాంటిదే. నాచిముత్తు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు, మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు, ఫోను పోతుందని కాదు, చేతికి ఇంకేమీ పని లేక. ఎనిమిదో అంతస్తు, గాజు గది, చక్రాల కుర్చీ. ఈ కుర్చీలో నడుము ఆన్చితే వెనక్కి పోతుంది, ఆన్చకపోతే పట్టేస్తుంది. ముప్పై ఏళ్ళుగా రాళ్ళ మీద కూర్చున్నవాడికి కదిలే కుర్చీ ఇస్తే ఎలా? చల్లటి గాలి నేరుగా మెడ మీద పడుతోంది, దాన్ని తగ్గించమని ఎవరిని అడగాలో తెలియదు. కిటికీ ఉంది గాని తెరుచుకోదు, దానికి గొళ్ళెమే లేదు. తలుపుకు తాళం వేయలేదు. వేయాల్సిన అవసరం వాళ్ళకు లేదు. టెండరు కవర్లు తెరిచినప్పుడు అందరికంటే తక్కువ ధర వేసినవాడు సంతకం పెట్టకుండా ఈ గది దాటితే ముందు కట్టిన ధరావతు డబ్బు కంపెనీకే పోతుంది, ఎక్కువ వేసినవాడు మాత్రం ‘ఇంక తగ్గను’ అని కాగితం మీద రాసిచ్చి దర్జాగా వెళ్ళిపోవచ్చు. ఆ నిబంధన ఉన్న పేజీ మీద కూడా నాచిముత్తు సంతకం ఉంది. తక్కువ వేసినవాడు తనే.

రెండెకరాల స్థలం, యాభై అడుగుల లోతు. పైన బట్టల దుకాణాలూ సినిమా హాళ్ళూ కడతారట, కింద నాలుగు అంతస్తుల్లో కార్లు పెడతారట. ఆ యాభై అడుగుల్లో పైన పది అడుగులు మట్టి, ఆ కింద కొద్దిగా మెత్తరాయి, ఆ తర్వాత అంతా నల్లరాయే. కోయంబత్తూరు నడిబొడ్డున అంత రాయి తవ్వే పని మళ్ళీ పదేళ్ళకు గాని రాదు. నాచిముత్తు దగ్గర ఏడు ప్రొక్లెయిన్లున్నాయి, వాటిలో ఐదు వైశాఖం నుంచి తిరుచెంగోడు షెడ్డులో నిలబడే ఉన్నాయి, టార్పాలిన్ కప్పుకుని, నడవకపోయినా నెలనెలా తింటూ. యంత్రం పశువు కంటే అన్యాయం, పశువు పస్తుంటే చిక్కిపోతుంది, యంత్రం పస్తుంటే యజమాని చిక్కిపోతాడు. ఇంటి పత్రాలు కూడా ఆ యంత్రాల వెనకాలే బ్యాంకుకు వెళ్ళి ఉన్నాయి. భార్య పావాయికి ఆ సంగతి తెలుసు. 

క్యూబిక్ మీటరుకు ఎనిమిది వందల ఎనభై వేశాడు. ఊరికే వేయలేదు. కంపెనీ వాళ్ళు బోరు వేసి తీసిన రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో చూపించారు, చూశాడు, బాగున్నాయన్నాడు. మర్నాడు టార్చి పట్టుకుని ఆ చుట్టుపక్కల పాత బావులు వెతుక్కుంటూ పోయాడు. అలవాటు. ఎక్కడ పని వేసినా ముందు బావుల్లోకి తొంగిచూస్తాడు. మూతపడిన నూలు మిల్లు ఆవరణలో ఒకటి, లాడ్జి వెనక చెత్తతో నిండినది ఇంకొకటి. బావి గోడ మీద మట్టి ఎక్కడ ఆగిందో, రాయి ఎక్కడ మొదలైందో, ఆ రాయి ఏ పక్కకు వాలిందో అన్నీ కనిపిస్తాయి. పడమట తొందరగా రాయి తగులుతుంది, తూర్పుకు పోయేకొద్దీ దిగుతుంది. తూర్పున కంటి ఆసుపత్రి ఉంది, ఆ పక్కన మందు పేల్చడానికి లేదు, అంతా బ్రేకరుతో పొడిచి తీయాల్సిందే, మందుతో పేల్చినదానికి రెండున్నర రెట్లు ఖర్చు, బ్రేకరు ఉలి చూస్తుండగానే అరిగిపోతుంది. మిగతా చోట చిన్న బెజ్జాలు, తక్కువ మందు, పైన పాత రబ్బరు బెల్టులు, ఇసుక మూటలు. తీసిన రాయి తనదే, సూలూరు అవతల క్రషరు వాడితో మాట్లాడుకున్నాడు. నేలలో ఒక లోడు ఉన్న రాయి పగిలాక లోడున్నర అవుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే మునుగుతారు, నేలలో ఉన్నదానికి ధర వేసి, టిప్పర్లకు పగిలినదానికి కిరాయి కడుతూ. నాచిముత్తు అక్కడ మునిగే రకం కాదు. డీజిలు, ఉలులు, ఇసుక మూటలు, గనుల శాఖ వాళ్ళ రుసుము, వానాకాలంలో నీళ్ళు తోడే మోటార్లు, ఆసుపత్రి అద్దాలు పగిలితే కట్టాల్సింది, కార్తీకంలో పని వాళ్ళు ఊరెళ్ళిపోతే ఆగే రోజులు. అన్నీ వేశాడు. టిప్పర్లు గోతిలోకి దిగి ఎక్కే ర్యాంపు కూడా వేశాడు. వేశాడు కదా, ఉత్తరం పక్క ఖాళీ స్థలంలోంచి.

తలుపు తట్టి వరదరాజన్ లోపలికి వచ్చాడు. కొనుగోళ్ళు చూసే మేనేజరు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు, రోగిని చూడటానికి వచ్చినవాడిలా నడుస్తాడు. అరచేతంత చీటీ ఒకటి బల్ల మీద బోర్లా పెట్టాడు.

“అవతలి పార్టీ మీకంటే కిందికి వచ్చారు సార్. మీరూ కొంచెం చూడండి.”

“ఎంత కిందికి?”

“అది నేను చెప్పకూడదు సార్. మీ అంకె మీరు రాయండి. టీ ఇంకోటి పంపనా?”

ఎనిమిది వందల అరవై అని రాసిచ్చాడు.  అవతలి పార్టీ అంటే సెంగోడన్. సెంగోడన్ అంటే పావాయి తమ్ముడు. ఈ అంతస్తులోనే ఇలాంటి ఇంకో గాజు గదిలో ఉండాలి వాడు. ఉండకూడదు కూడా. మాట ప్రకారమైతే మొదటిసారి అడగగానే ‘ఇంక తగ్గను’ అని రాసిచ్చి ఈపాటికి దిగిపోయి ఉండాలి.

మాట నిన్న సాయంత్రం పెరుందురై దగ్గర రోడ్డు పక్క పరోటా కొట్లో జరిగింది. ఎప్పుడూ అక్కడే జరుగుతుంది. కొట్టు వెనక వేపచెట్టు కింద మూడు కుర్చీలు, నాటుకోడి వేపుడు, విడిగా సాల్నా పులుసు. పెద్ద రాతి పని ఏది వచ్చినా తామిద్దరూ, సేలం అర్ధనారీ కూర్చుని వంతు తేల్చుకుంటారు. ఈసారి ఒకడిది, మిగతా ఇద్దరూ పేరుకు ఎక్కువ వేసి పక్కకు తప్పుకుంటారు. కాగితం లేదు, సాక్షి లేడు, పరోటా వేసేవాడు తప్ప. ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. అసలు వంతు అర్ధనారిది, కానీ ఈసారి కవరే వేయనన్నాడు. “ఈసారి అన్నకే పోనీ, షెడ్డులో బండ్లు గుడ్లు పెడుతున్నాయంట” అన్నాడు అర్ధనారి, ఎముక చప్పరిస్తూ. సెంగోడన్ నవ్వి, “గుడ్లు పెడితే బ్యాంకోడు వచ్చి లెక్కపెట్టుకుపోతాడు బావా, తొందరగా పొదిగించేసెయ్” అన్నాడు. అందరూ నవ్వారు. నాచిముత్తూ నవ్వాడు. అర్ధనారి తన వంతు ఇంత తేలిగ్గా ఎందుకు వదులుకున్నాడు అని అప్పుడు అనుకోలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని, మెడ మీద చల్లగాలి పడుతుంటే, ఇప్పుడు అనుకుంటున్నాడు. అర్ధనారి అప్పనంగా ఏదీ వదలడు, పరోటా కొట్లో మిగిలిన ఉల్లిపాయ ముక్కలు కూడా పొట్లం కట్టించుకుంటాడు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పని జరగబోయే స్థలం సరిగ్గా ఎదురుగానే ఉంది, కింద, రోడ్డు దాటి. కంపెనీ వాళ్ళు కావాలనే ఈ గదిలో కూర్చోబెడతారేమో, కళ్ళెదుట ఆహారం ఆడిస్తూ. పై నుంచి చూస్తే రెండెకరాలు చిన్న దుప్పటిలా ఉంది. కంచెలో ముళ్ళ తుమ్మ, మధ్యలో వాన నీళ్ళ మడుగు, ఒక ఆవు. నాలుగు మూలలూ కట్టడమే, అంగుళం వదలకుండా గోడ నుంచి గోడ దాకా గొయ్యి. అందుకే ర్యాంపుకు ఉత్తరం పక్క స్థలం. కంపెనీ వాళ్ళ పటంలోనే అక్కడ చుక్కల గీత ఉంది, ‘కాంట్రాక్టరు సొంత ఏర్పాటు’ అని పక్కన రాసి. ఆ స్థలం యజమాని గుమాస్తాతో మాట్లాడాడు, రెండేళ్ళకు అద్దె, తర్వాత పూడ్చి ఇవ్వాలి. సరే అన్నాడు గుమాస్తా. కాగితం తర్వాత రాసుకుందాం అన్నాడు. కాగితం తర్వాత అనే మాటతో నాచిముత్తు జీవితంలో సగం పనులు జరిగాయి, మంచివీ చెడ్డవీ. ఉత్తరం వైపు చూశాడు. చూసి, కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఉత్తరం స్థలంలో అరటి బోదెలు కట్టి ఉన్నాయి. గెలలతో సహా. చిన్న పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు నలుగురైదుగురు, చొక్కా లేకుండా భుజాన కండువాతో ఒక అయ్యరు. నేల మీద తెల్లగా సున్నపు గీతలు, గదులు గదులుగా, స్తంభాలకు చదరాలు. భూమిపూజ. గీతలు సరిగ్గా కంచె దాకా వచ్చేశాయి. తన చుక్కల గీత ఉన్న చోట ఎవరిదో వంటిల్లు రాబోతోంది.

మొదట వచ్చింది నవ్వు.  ఆ తర్వాత లెక్క వచ్చింది, ఆగకుండా, ఎవరో లోపల తవ్వుతున్నట్టు. యాభై అడుగులు దిగాలంటే నిండు టిప్పరు ఎక్కగలిగే వాలుకు నాలుగు వందల అడుగుల దారి కావాలి. బయట చోటు లేదు కాబట్టి అది గొయ్యి లోపలే ఉండాలి, ఒక గోడ వెంట పోయి మూల తిరిగి ఇంకో గోడ వెంట. అంటే మిగతా అంతా తవ్వేశాక లోపల ఒక రాతి గట్టు మిగులుతుంది, తాను రోజూ దిగి ఎక్కిన దారే. దాన్నీ తీయాలి, అదీ కట్టడం కిందికే వస్తుంది. ఎలా తీస్తాడు? దాని మీదే నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ, కాళ్ళ ముందున్నది తింటూ. అప్పటికి చుట్టూ గోడలు కట్టడం మొదలవుతుంది, మందు పేల్చనివ్వరు, అంతా బ్రేకరే. టిప్పరు దిగదు, రాయిని తొట్లలోకి ఎత్తి క్రేనుతో పైకి లాగాలి. చివర్న అడుగున మిగిలిన ప్రొక్లెయినుకు దారే ఉండదు, దాన్నీ పెద్ద క్రేను తెచ్చి వేలాడదీసి లేపాలి, రోడ్డు మూయించి, పోలీసులకు చెప్పుకుని. క్రేను రోజు కిరాయి కూడా వేసుకున్నాడు. అరటి బోదెల వైపు చూస్తూనే కూడాడు. రెండు కోట్లు. అటూ ఇటూగా రెండు కోట్లు, తాను ఈ పనిలో మిగులుతుందనుకున్నదానికి దాదాపు రెట్టింపు. మొత్తం గొయ్యి మీద పరిస్తే మీటరుకు నూట డెబ్భై. ఎనిమిది వందల ఎనభై వేసినవాడు వెయ్యీ యాభై వేసి ఉండాల్సింది. వేసి ఉండాల్సిందానికి నూట డెబ్భై కింద కూర్చుని ఇంకా ఇరవై తగ్గించి రాసిచ్చాడు ఇప్పుడే, నీలం పెన్నుతో.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వెనక్కి పోయింది. పోనిచ్చాడు. టీ మీద మీగడ కట్టింది. సంతకం పెడితే రెండేళ్ళు ఆ గోతిలో ఉండి, ఏడు యంత్రాలూ ఇల్లూ అందులోనే పూడ్చి రావాలి. పెట్టకుండా లేస్తే ధరావతు పోతుంది, అది పావాయికి పుట్టింటి వాటా కింద వచ్చిన పొలం మీద తెచ్చిన డబ్బు, యంత్రాలు షెడ్డులోనే ఉంటాయి, బ్యాంకువాడు వచ్చి గుడ్లు లెక్కపెడతాడు. గుడ్లు. సెంగోడన్ మాట. వాడికి తెలుసా? వాడి వర్క్‌షాపు ఆ స్థలానికి రెండు వీధుల అవతలే, అక్కడి టీకొట్టులో పొద్దున్న లేస్తే వాడే ఉంటాడు, ఎవడు ఎక్కడ ముగ్గు పోసినా ముందు వాడికే తెలుస్తుంది. తెలిసే బావకు వదిలిపెట్టారా ఇద్దరూ, వేపచెట్టు కింద నవ్వుకుంటూ? మరి తెలిస్తే కిందికి రావడం ఎందుకు? కిందికి వచ్చాడంటే తెలియదన్నమాట. తెలియక, మాట తప్పి, బావ నోటి దగ్గరి ముద్ద లాక్కుంటున్నాడన్నమాట. ఎటు తిప్పినా వాడు మంచివాడుగా తేలడం లేదు. రెండేళ్ళ కిందట హోసూరు పనిలో క్రేను అడిగితే లేదన్నాడు, అదే రోజు ఇంకొకడికి పంపాడు. తన కూతురి పెళ్ళిలో చివరి పంక్తి దాకా నిలబడి వడ్డించింది కూడా వాడే. రెండూ నిజమే. రెండింటినీ కలిపి కూడితే ఏం వస్తుందో ఏ కాంట్రాక్టరూ చెప్పలేడు.

చల్లగాలి మెడ మీది నుంచి వీపులోకి దిగింది, బావి అడుగున ఉండే చలిలాగే, చెమటతో కలిసిన చలి. నాన్న బావులు తవ్వించేవాడు. తమ కొంగునాడు ప్రాంతపు బావులు మామూలు బావులు కావు, ఇల్లు పట్టేంత చదరం, వందడుగులు రాతిలోకి. అడుగున సుత్తీ ఉలీతో బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తి పెట్టి, అందరినీ పైకి పంపాక ఒకడు ఉండిపోతాడు, వత్తి ముట్టించేవాడు. ముట్టించి తొట్టిలో కూర్చుని మోకు మూడుసార్లు లాగితే పైన వాళ్ళు గిలక మీద లాగేస్తారు. ఆ మోకు దగ్గర ముందు నిలబడేవాడు ఎవడంటే వాడు కాదు. ముట్టించేవాడి బావమరిది నిలబడాలి. అన్నదమ్ములు కాదు, వాళ్ళకు వాటా కలిసొస్తుంది. కొడుకు కాదు, వాడు భయపడి వదిలేస్తాడు. పెళ్ళాం తమ్ముడైతే అక్క తాళి చూసుకుంటాడు. పెళ్ళి కాని వాడికి వత్తి ముట్టించే పని ఇచ్చేవాడు కాదు నాన్న. నాచిముత్తుకు పావాయిని చూసినప్పుడు అవతలి వాళ్ళింటి పొలం ఎంత, నగలెన్ని అని ఎవరూ అడగలేదు, “పిల్లకు తమ్ముడున్నాడా, చేతులు గట్టివేనా” అని అడిగాడు నాన్న, పెళ్ళిచూపుల చాప మీద కూర్చుని. సెంగోడన్ అక్కడే గుమ్మం దగ్గర నిలబడి సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మొదటి బావిలోనే వాడి అరచేతులు తోలు లేచిపోయాయి. పావాయి పసుపూ నూనే రాసి గుడ్డ కట్టింది, కడుతూ మొగుణ్ణి తిట్టింది, తమ్ముణ్ణి కాదు. ఆ బావిలోనే ఒకరోజు నాచిముత్తు అడుగున బెజ్జాలు కూరుతున్నాడు, వత్తి ఇంకా ముట్టించనే లేదు, పైనుంచి మోకు మూడుసార్లు కదిలింది. కింద నుంచి మూడుసార్లంటే లాగమని. పైనుంచి మూడుసార్లంటే చేతిలో పని వదిలేసి తొట్టిలో కూర్చో, లాగుతున్నాం అని. నాచిముత్తు తలెత్తి అరిచాడు, ఇంకా రెండు బెజ్జాలున్నాయిరా, బీడీ కోసం లాగుతున్నావా అని. మాట రాలేదు, పైనుంచి మాట సరిగా దిగదు, గోడల మధ్య చెదిరిపోతుంది, అందుకేగా మోకు. మళ్ళీ మూడుసార్లు. తిట్టుకుంటూనే కూర్చున్నాడు. సగం దూరం వచ్చాడో లేదో తూర్పు గోడ మీది మట్టి బండ నోరు తెరిచి, ఇల్లంత మట్టి, తాను కూర్చున్న చోటికి దిగిపోయింది. పైకి వచ్చాక సెంగోడన్ “గట్టు మీద చీలిక కనపడింది బావా” అని మాత్రం అన్నాడు, మోకు చుట్టుకుంటూ. లోపలున్నవాడికి కనపడదు చీలిక. అది పైనున్నవాడికే కనిపిస్తుంది.

నాచిముత్తు చేయి జేబు మీద ఆగిపోయింది. పొద్దున కింద కౌంటరు దగ్గర. ఫోన్లు ఇచ్చేసి బిళ్ళలు తీసుకుంటున్నారు, వరుసలో తాను ముందు, సెంగోడన్ వెనక. ఇలాంటి చోట్ల ఇద్దరూ మాట్లాడుకోరు, ముఖాలు కూడా చూసుకోరు. వంతు వేసుకున్నారని కంపెనీకి అనుమానం వస్తే ఇద్దరి ధరావతులూ పోతాయి, మళ్ళీ ఎక్కడా కవరు వేయనివ్వరు. గేటు దగ్గర పక్కపక్కనే కార్లు ఆపి కూడా వేర్వేరు మెట్ల మీదుగా ఎక్కుతారు. వరుసలో ఉండగా వెనక నుంచి ఎవరో భుజం మీది తువాలు లాగారు. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. నాచిముత్తు వెనక్కి తిరగలేదు, తువాలు సర్దుకున్నాడు, లిఫ్టు ఎక్కాడు. వీడికి ఇంకా పిల్ల చేష్టలు పోలేదు అనుకున్నాడు. సెంగోడన్‌కు నిండా యాభై ఏళ్ళు. మనవడికి పేరు పెట్టినవాడు. కంపెనీ సెక్యూరిటీ ముందు, కెమెరా కింద, ఎవరూ పిల్ల చేష్టలకు తువాలు లాగరు.

మూడుసార్లు.

ఇంకోసారి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. పూజ అయిపోయినట్టుంది, అయ్యరు కొబ్బరికాయలు సంచిలో వేసుకుంటున్నాడు. గేటు దగ్గరికి కారులో వచ్చేవాడికి ఆ అరటి బోదెలు కనిపిస్తాయా? తాను తూర్పు నుంచి, ఆసుపత్రి వీధిలోంచి వచ్చాడు, కనపడవు. సెంగోడన్ వర్క్‌షాపు నుంచి వచ్చేది ఉత్తరం వీధిలోంచే. పొద్దున చూసి ఉంటాడు. నిన్న సాయంత్రం తెలిసి ఉండదు, పొద్దున చూసి ఉంటాడు. అలా అనుకోవడం తనకు అవసరం కాబట్టి అనుకుంటున్నాడా? కావచ్చు. బావిలో మోకు కదిలినప్పుడు కూడా, అడుగున ఉన్నవాడికి కూర్చోవడం తప్ప ఇంకేం ఉండేది? పైకి చూస్తే ఒక చదరపు ఆకాశం, అందులో ఎవరిదో తల, ఎండకు నల్లగా, ముఖం తెలియదు. ఆ తలను నమ్మి కూర్చోవాలి, లేదా నమ్మక అక్కడే ఉండాలి. మధ్యలో నిలబడే చోటు బావిలో ఉండదు.

లెక్క మళ్ళీ మొదలైంది, కానీ ఈసారి వేరే పక్క నుంచి. వరదరాజన్ చెప్పేది నిజమైతే, అవతలివాడు కింద ఉన్నాడు. అవతలివాడు కింద ఉంటే తక్కువ వేసినవాడు తాను కాదు. తాను కాకపోతే తన ధరావతు ఎవరూ ఆపలేరు, రాసిచ్చి లేచిపోవచ్చు. వరదరాజన్ అబద్ధం చెబుతుంటే, అవతలి గదిలో ఎవరూ లేరు. నిన్న వేపచెట్టు కింద సెంగోడన్ వేస్తానన్న ధర వెయ్యీ డెబ్భై ఐదు. దాని కింద ఎక్కడ ఉన్నా తక్కువవాడు తనే. ఎన్ని రాతి పనులకు అంకెలు వేశాడో, ఇంత సులువైన లెక్క ఎప్పుడూ చేయలేదు. కానీ మూడో దారి ఒకటుంది. సెంగోడన్ నిజంగానే ఆ గదిలో ఉండి, నిజంగానే కిందికి వచ్చి ఉంటే, తాను లేచిపోతే, ఆ గోతిలోకి దిగేది వాడు. పావాయి తమ్ముడు. మాట తప్పినవాడే కావచ్చు. అప్పుడు మెట్ల మీద వాడి చేయి పట్టుకుని అరటి బోదెలు చూపించాలా, చూడనట్టు దిగిపోవాలా? దీనికి మీటరు రేటు లేదు.

వరదరాజన్ మళ్ళీ వచ్చాడు. చీటీ మళ్ళీ బోర్లా.

“చివరిసారి సార్. అవతలి వాళ్ళు ఎనిమిది వందల పది దాకా వచ్చారు. అంకె చెప్పకూడదు, మీ మీద గౌరవంతో చెబుతున్నా.”

నాచిముత్తు పెన్ను తీసుకున్నాడు. చీటీ తిప్పాడు. వెయ్యీ అరవై అని రాసి, అక్షరాల్లో కూడా రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. వరదరాజన్ దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

“సార్, తగ్గించమంటే పెంచారు.”

“ఉత్తరం స్థలంలో ఇల్లు కడుతున్నారు సార్. కిటికీలోంచి చూడండి, ఇంకా అరటి బోదెలు తీయలేదు. ర్యాంపు లోపల పెట్టుకోవాలి, మళ్ళీ దాన్ని తీయాలి. మీ గొయ్యి మీకు చదునుగా కావాలి కదా, మధ్యలో నా దారి వదిలేసి పోలేను కదా.”

“అవతలి వాళ్ళు ఎనిమిది వందల పదికి ఒప్పుకున్నాక మేము...”

“మంచిది సార్. వాళ్ళకే ఇచ్చేయండి. వాళ్ళు నాకంటే కింద ఉన్నారు కాబట్టి నేను తక్కువవాణ్ణి కాదు. నా ధరావతు వెనక్కిస్తున్నట్టు ఒక్క ముక్క రాసిచ్చేస్తే భోజనం వేళకు ఇంటికి పోతాను. మా ఆవిడ కొల్లు పులుసు పెట్టింది ఇవాళ.”

ఉలవలతో చేసే ఆ కొల్లు పులుసు మాట అబద్ధం. పావాయి పొద్దున వంటే చేయలేదు, దేవుడి గది ముందు కూర్చుంది. వరదరాజన్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు కిందికి చూశాడు. కళ్ళు గోతి స్థలం మీద కాదు, అరటి బోదెల మీదే ఉన్నాయని వెనక నుంచి కూడా తెలుస్తోంది. తర్వాత చీటీ పట్టుకుని బయటికి నడిచాడు. తలుపు ఈసారి పూర్తిగా మూసుకుపోలేదు, వేలు పట్టేంత సందు మిగిలింది.

ఆ తర్వాత గడిచిన సమయానికి లెక్క లేదు. నాచిముత్తు ఆ సందు వైపు చూస్తూ కూర్చున్నాడు. వసారాలో ఎవరో నడిచారు, ఎవరో నవ్వారు, లిఫ్టు గంట కొట్టింది. అది సెంగోడన్ దిగిపోతున్న గంట కావచ్చు. సంతకం పెట్టడానికి లోపలి గదిలోకి పోతున్నదీ కావచ్చు. తొట్టిలో కూర్చున్నాక మోకు బిగుసుకునేదాకా ఒక క్షణం ఉంటుంది, తొట్టి నేల మీదే ఉంటుంది, వత్తి మండుతూ ఉంటుంది, నీ బరువు ఇంకా ఎవరి చేతిలోకీ పోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఒంటికి ఆ క్షణం గుర్తుంది. మీగడ కట్టిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

తలుపు తెరుచుకుంది. వరదరాజన్ వెనక ఇంకొకాయన, నెరిసిన జుట్టు, చొక్కా చేతులు మడిచి, చంకలో పటం చుట్ట. ఈ కట్టడం మొత్తం చూసే పెద్ద ఇంజనీరు. వచ్చీ రాగానే పటం బల్ల మీద పరిచి, నాలుగు మూలలా టీకప్పులు పెట్టాడు. ఎవరి టీకప్పులు? వరదరాజన్ అవతలి గది నుంచి తెచ్చినవి రెండున్నాయి వాటిలో. ఒకటి ముట్టుకోని నిండు కప్పు.

“కూర్చోండి నాచిముత్తుగారూ. ఈ ర్యాంపు దక్షిణం గోడ వెంట వేస్తే ఎంత తగ్గుతుంది? వెయ్యీ అరవైకి మా చైర్మన్ నన్ను బావిలో తోస్తాడు.”

“బావిలో ఎలా ఉండాలో నేను చెబుతాను సార్” అన్నాడు నాచిముత్తు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. ఈసారి అది వెనక్కి పోలేదు, లేదా పోయినా అతను గమనించలేదు.

వెయ్యీ నలభై దగ్గర ఆగింది. చివరి యంత్రాన్ని లేపే క్రేను కంపెనీదే. కింద కౌంటర్లో బిళ్ళ ఇచ్చి ఫోను తీసుకుని బయటికి వస్తే ఎండ ముఖం మీద కొట్టింది. కార్ల వరుసలో సెంగోడన్ తన కారు ముందు సీటు వాల్చుకుని, రెండు కాళ్ళూ కిటికీలోంచి బయటపెట్టి నిద్రపోతున్నాడు. పక్కన పొట్లంలో సగం తిన్న పరోటా. నాచిముత్తు వాడి బొటనవేలు పట్టుకుని లాగాడు, మూడుసార్లు.

“అయిందా బావా?” అన్నాడు కళ్ళు తెరవకుండా.

“ఎంతసేపయింది నువ్వు దిగి?”

“ఆ వరదరాజన్ మొదటి చీటీ పెట్టగానే ‘తగ్గను’ అని రాసిచ్చా. టీ కూడా తాగలేదు. నీ తల మీద చీలిక కనపడిందనే తువాలు లాగా, వెనక్కైనా తిరగలేదు నువ్వు. మా అక్కకు ఏం చెప్పాలో అనుకుంటూ నిద్రపోయా.”

“అర్ధనారికి ముందే తెలుసా?”

“వాడి వియ్యంకుడిదే ఆ స్థలం. పొద్దున పందిట్లో వాణ్ణి చూశా, పట్టుపంచె కట్టి లడ్డూలు పంచుతున్నాడు.”

నాచిముత్తు రోడ్డు అవతలి స్థలం వైపు చూశాడు. ఆవు ఇంకా అక్కడే మేస్తోంది. రెండేళ్ళు ఆ దుప్పటంత నేలలోకి దిగుతూ పోవాలి, పొద్దున నీడలో, మధ్యాహ్నం వేడిలో, చివరికి తన దారిని తానే తినేస్తూ. పని దొరికింది, ఇల్లు నిలిచింది, అంతకు మించి తెరుచుకున్నది ఏదీ లేదు. ఒళ్ళంతా అలిసిపోయింది, పని ఇంకా మొదలుకాకుండానే.

“చివరి రోజు అడుగున ఒక్క బండి మిగులుతుంది” అన్నాడు. “దాన్ని క్రేనుతో లేపేటప్పుడు నేను అందులోనే ఉంటాను. డ్రైవర్ని కూర్చోబెట్టను. పైన కొక్కెం దగ్గర నువ్వుండాలి.”

“ఇప్పటి క్రేన్లకు మనుషులెందుకు బావా, అన్నీ బటన్లే.”

“ఉండాలి.”

సెంగోడన్ కాళ్ళు లోపలికి తీసుకుని లేచి కూర్చున్నాడు, పరోటా పొట్లం బావ చేతిలో పెట్టాడు. “ఉంటాలే. దానికెంత ఇస్తావు మరి? అదీ చెప్పు ఇప్పుడే.”

నాచిముత్తు పరోటా ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు, చల్లారి సాగుతోంది. డీజిలు నుంచి ఆసుపత్రి అద్దాల దాకా, ఉలి ముక్క నుంచి నీటి మోటారు దాకా, ఈ పనిలో అయ్యే ప్రతి ఖర్చూ అతని తలలో వరుసగా ఉంది. ఆ వరుసలో పైన నిలబడే బావమరిది కూలి ఎక్కడా లేదు. నాన్న తవ్వించిన ఏ బావి లెక్కలోనూ ఉండేది కాదు.